నెల లెక్కలో కనపడని ఖర్చులు: ఇంటి డబ్బు మన చేతిలో ఉండాలంటే ఏం చేయాలి

ఇంటి డబ్బు గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట ఒకటే, అనవసర ఖర్చులు తగ్గించుకోండి అని. ఆ మాటలో తప్పేమీ లేదు కానీ దాని వల్లే గట్టెక్కిన ఇళ్లు నేను పెద్దగా చూడలేదు. ఎందుకంటే చాలా కుటుంబాలు ఇప్పటికే జాగ్రత్తగా ఖర్చు పెడుతుంటాయి, బేరమాడతాయి, కొనాలనుకున్నవి వాయిదా వేస్తాయి, అయినా సరే నాలుగైదు నెలలకోసారి ఎక్కడో ఒక పెద్ద దెబ్బ తగులుతుంది, చేబదులు తీసుకుంటారు, అది తీరేలోపు ఇంకోటి వచ్చి పడుతుంది. ఆ దెబ్బ ఏమిటా అని కాస్త ఓపిగ్గా చూడండి. పిల్లల ఫీజు, బండి బీమా, ఆరోగ్య బీమా ప్రీమియం, ఇంటి పన్ను, ఊరెళ్లే ప్రయాణాలు, దగ్గరివాళ్ల పెళ్లి, పండుగ బట్టలు. వీటిలో అనుకోకుండా వచ్చింది ఏది? అన్నీ ఏటా వచ్చేవే, కొన్నిటికి తేదీ కూడా ముందే తెలుసు. కాకపోతే నెల లెక్కలో వాటికి చోటు లేదు, అందుకే వచ్చినప్పుడల్లా పిడుగులా అనిపిస్తాయి.

నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా దీని గురించే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు ఏడాది జాబితా

ఒక కాగితం తీసుకోండి, పన్నెండు నెలల పేర్లు రాయండి. గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌లో చెల్లింపుల చరిత్ర పక్కన పెట్టుకుని, ప్రతి నెలా రాకుండా ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చిన ఖర్చులన్నీ ఆయా నెలల కింద రాసుకుంటూ వెళ్లండి. ఒక్కరే కూర్చోకండి, ఇంట్లో ఇద్దరూ కూర్చోవాలి, ఎందుకంటే ఒకరికి గుర్తున్నది ఇంకొకరికి ఉండదు, బండి సర్వీసింగ్ ఒకరికి గుర్తుంటే పళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లింది ఇంకొకరికి గుర్తుంటుంది. గంటన్నర పడుతుంది. అన్నీ కూడి 12తో భాగించండి. మొత్తం 60,000 వచ్చిందనుకోండి, అంటే ప్రతి నెలా మీరు గమనించని 5,000 ఖర్చు మీ ఇంట్లో ఉన్నట్టే. నెలకు 4,000 మిగులుతోందని మీరు సంతోషపడుతుంటే నిజానికి 1,000 తక్కువ పడుతోంది. ఈ ఒక్క లెక్క చూశాకే చాలామందికి అర్థమవుతుంది, ఇంత జాగ్రత్తగా ఉంటున్నా అప్పు ఎందుకు తీరడం లేదో.

ఇక్కడ ఒక చిక్కుంది, ముందే చెప్తున్నా. 12తో భాగించి పక్కన పెట్టడం మొదలుపెడితే మొదటి ఏడాది సరిపోదు. ఫీజు 24,000 కట్టాల్సింది ఇంకో నాలుగు నెలల్లో అయితే నెలకు 2,000 చొప్పున పెడితే అప్పటికి 8,000 మాత్రమే చేతిలో ఉంటుంది. కాబట్టి మొదటిసారికి మాత్రం గడువుకు ఎన్ని నెలలుందో ఆ సంఖ్యతో భాగించాలి, అంటే నెలకు 6,000. అంత పెట్టలేకపోతే ఎంత పెట్టగలిగితే అంతే పెట్టండి, 24,000 అప్పు చేసేచోట 10,000 అప్పు చేయడం కూడా గెలుపే. రెండో ఏటి నుంచి లెక్క దానంతట అదే సర్దుకుంటుంది.

ఏడాది కంటే ఎక్కువ కాలానికి వచ్చేవి కూడా ఉంటాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఫోన్, బండి టైర్లు, ఇంటికి రంగులు. ఫోన్ మీకు నాలుగేళ్లు వస్తుందనుకుంటే దాని ధరను 48తో భాగించి ఆ మొత్తం నెలనెలా పక్కన పెట్టొచ్చు. ఇవన్నీ మొదటి రోజే చేయాలని లేదు. ముందు ఏడాదివి కుదుటపడనివ్వండి.

ఈ డబ్బును రోజువారీ ఖాతాలో కలిపి ఉంచకండి, అక్కడ ఉంటే అది మిగిలిన డబ్బులాగే కనిపిస్తుంది. వేరే ఖాతా తెరవండి, ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకపోయినా పర్వాలేదు, తీసుకోకపోతేనే మంచిది. ఒకే ఖాతాలో అన్నీ ఉన్నా నోట్‌బుక్‌లో ఫీజుకింత, బీమాకింత అని విడివిడిగా పద్దు రాసుకోండి. మనిషి డబ్బుకు మనసులో పేర్లు పెట్టుకుంటాడని, ఏ పేరుతో ఉన్న డబ్బును ఆ పనికే వాడటానికి మొగ్గు చూపుతాడని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ చాలా ఏళ్లు పరిశోధించి చూపించారు, ఆయనకు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పాత రోజుల్లో డబ్బాల్లో, కవర్లలో విడివిడిగా దాచుకున్నవాళ్లు ఈ పని ఏ పరిశోధనా లేకుండానే చేశారు.

రాయడం, కానీ ఎంతవరకు

ఖర్చులు రాసుకోమని అందరూ చెప్తారు, పదిరోజులు రాసి మానేసేవాళ్లే ఎక్కువ. మానేయడానికి కారణం బద్ధకం కాదు, రాస్తూనే తగ్గించాలని చూడటం. ప్రతి పద్దూ మనల్ని మనం తిట్టుకునే చోటు అయిపోతుంది, రెండు వారాలకు ఆ పుస్తకం తెరవాలంటేనే విసుగు వస్తుంది. కాబట్టి మొదటి నెల ఏమీ తగ్గించకండి. మామూలుగా ఎలా ఖర్చు పెడతారో అలాగే పెట్టండి, ఉన్నది ఉన్నట్టు రాయండి, అంతే.

జపాన్‌లో 1904లో హానీ మొతొకొ అనే పాత్రికేయురాలు గృహిణుల కోసం కకెయ్‌బో అనే ఇంటి లెక్కల పుస్తకం తయారు చేసింది, ఇప్పటికీ అక్కడ వాడుతున్నారు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే నెల మొదట్లోనే ఎంత వస్తుంది, ఎంత దాచాలి అనేది రాసుకుని, ఆ తర్వాతే ఖర్చులోకి దిగడం. యాప్ ఉన్నా, ఎక్సెల్ షీట్ ఉన్నా, గీతల నోట్‌బుక్ ఉన్నా ఒకటే, మీ చెయ్యి దేనికి అలవాటు పడితే అది.

పద్దులు ఏడెనిమిది కంటే ఎక్కువ పెట్టుకోకండి. ఇల్లు, తిండి, ప్రయాణం, పిల్లలు, మందులు, అప్పులు, సరదాలు, ఇతరాలు. ఇతరాలు అన్నది మరీ పెరిగిపోతే అప్పుడు దాన్ని విడదీసి చూడాలి, ఎందుకంటే డబ్బు జారిపోయేది సాధారణంగా పేరు లేని చోటే. ఏటీఎం నుంచి 2,000 తీశాను అని రాయడం ఖర్చు రాయడం కాదు, ఆ 2,000 ఎటు పోయిందో రాయాలి. చిల్లర దగ్గర తేడా వస్తే దాని కోసం రాత్రంతా తల పట్టుకోవద్దు, కొట్టేసి ముందుకు వెళ్లండి.

దాచడం నెలాఖరున కాదు, మొదట్లో

మిగిలితే దాద్దాం అనుకుంటే మిగలదు. జీతం పడిన మర్నాడే ఆ ఏడాది జాబితా డబ్బు, పొదుపు డబ్బు వాటంతట అవే వేరే ఖాతాకు వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. ఇలా మన చేతి ప్రమేయం లేకుండా జరగడంలో ఎంత బలం ఉందో థేలర్, ష్లోమో బెనార్ట్జీ కలిసి చేసిన ఒక ప్రయోగంలో బయటపడింది, 2004లో ప్రచురించారు. ఇప్పుడే ఎక్కువ దాచండి అని ఉద్యోగులను అడగకుండా, మీ జీతం పెరిగినప్పుడల్లా పొదుపు శాతం కూడా కొంచెం పెంచుతాం, ఒప్పుకుంటారా అని అడిగారు. ఒప్పుకున్నవాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 40 నెలల్లో 13.6 శాతానికి పెరిగింది. చేతికి వచ్చే డబ్బు ఎప్పుడూ తగ్గినట్టు అనిపించదు కాబట్టి ఇది నిలబడింది. మీరూ చేయొచ్చు, వచ్చే ఇంక్రిమెంట్‌లో సగం పొదుపుకని ఇప్పుడే ఇద్దరూ అనుకుని రాసిపెట్టుకోండి. చేతికి వచ్చాక అనుకుంటే అప్పటికే ఆ డబ్బుకు పది పనులు తయారై ఉంటాయి.

50-30-20 అని ఒక లెక్క మీకు ఎక్కడో తగిలే ఉంటుంది, అవసరాలకు సగం, కోరికలకు 30 శాతం, పొదుపుకు 20 శాతం అని. దాన్ని పట్టుకుని బాధపడేవాళ్లను చూశాను, అందుకే చెప్తున్నా, అది అందరికీ సరిపోయే కొలత కాదు. ఆదాయం ఎంత తక్కువైతే అందులో తిండికి పోయే వాటా అంత ఎక్కువగా ఉంటుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే లెక్కలు తీసి చూపించాడు. అద్దెకు, తిండికే ఆదాయంలో ముప్పావు వంతు పోయే ఇంటికి 20 శాతం దాచమని చెప్పడం న్యాయం కాదు. 2 శాతంతో మొదలుపెట్టండి, ఆరు నెలలయ్యాక 3 చేయండి.

జీతం కాకుండా రోజు కూలీ, వ్యాపారం, కమిషన్, సీజన్ పని మీద బతికే ఇళ్లకు పై సలహా అలాగే అతకదు. వాళ్లు గత పన్నెండు నెలల రాబడి రాసుకుని అందులో అతి తక్కువ వచ్చిన నెల ఏదో చూడాలి. ఆ మొత్తాన్నే ఇంటి జీతం అనుకుని దానిలోనే ఇల్లు నడిచేలా సర్దుకోవడానికి ప్రయత్నించండి. బాగా వచ్చిన నెలలో పైన మిగిలింది ఖర్చు చేయకుండా ఒక ఖాతాలోకి తోసేయాలి, రాబడి లేని నెలలో ఆ ఖాతా నుంచి మీకు మీరే జీతం ఇచ్చుకోవాలి. మొదట్లో కష్టంగా ఉంటుంది, మంచి నెల వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ ఇన్నాళ్లూ ఆగిన కోరికలు గుర్తొస్తాయి, అందుకని పైన వచ్చినదాంట్లో పదో వంతు ఆ కోరికలకే వదిలేయండి. అసలేమీ వదలకపోతే ఈ పద్ధతి రెండు నెలల్లో తెగిపోతుంది. వ్యాపారం చేసేవాళ్లు కొట్టు డబ్బు, ఇంటి డబ్బు ఒకే గల్లాపెట్టెలో ఉంచడం మాత్రం ఈ రోజే ఆపేయాలి. అవి కలిసి ఉన్నంతకాలం కొట్టు లాభంలో ఉందో, ఇల్లు కొట్టును తినేస్తోందో ఎవరికీ తెలియదు.

ఆపద్ధనం

ఏటా వచ్చేవాటికి చోటు దొరికింది కాబట్టి ఇప్పుడు నిజంగా అనుకోకుండా వచ్చేవి మిగిలాయి. ఉద్యోగం పోవడం, ఆసుపత్రి, ఉన్నట్టుండి ఊరెళ్లాల్సి రావడం. మూడు నుంచి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమంటారు. అది విని గుండె జారిపోయి అసలు మొదలుపెట్టనివాళ్లున్నారు. ముందు రెండు వారాల ఇంటి ఖర్చు, తర్వాత ఒక నెలది, అలా వెళ్లండి. ఒక్కరి సంపాదన మీదే నడిచే ఇంటికి ఆరు నెలలదీ కావాలి, ఇద్దరికీ స్థిరమైన ఉద్యోగాలుంటే మూడు నెలలది ఉన్నా చాలావరకు కాపాడుతుంది.

ఈ డబ్బు మీద ఎక్కువ వడ్డీ కోసం చూడకండి. ఒక్క రోజులో చేతికి రావాలి, వచ్చేటప్పుడు విలువ తగ్గి ఉండకూడదు, అంతే దాని పని. షేర్లలో పెడితే మీకు ఉద్యోగం పోయిన సమయంలోనే షేర్లు కూడా పడిపోయి ఉండొచ్చు, ఎందుకంటే రెండూ ఒకే మాంద్యం వల్ల జరుగుతుంటాయి. డిస్కౌంట్ సేల్, బంధువుల దగ్గర గౌరవం నిలబెట్టుకోవడం, కొత్త ఫోన్ వంటివి ఆపద కిందకు రావు. తీసిన డబ్బు మళ్లీ నిండేదాకా మిగతా పొదుపులు ఆగినా ఫర్వాలేదు.

అప్పుల లెక్క కాగితం మీద పెట్టి చూడాలి

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇళ్లు నలిగిపోయేది ఇక్కడే. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస చెల్లింపు అని ఒక అంకె ఉంటుంది. 10,000 బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు బాకీలో 5 శాతం అనుకోండి. కొత్తగా ఏమీ కొనకుండా ప్రతి నెలా తప్పకుండా ఆ కనీసం కడుతూ వెళ్తే ఏడాదిలో మీ జేబులోంచి దాదాపు 5,500 పోతుంది, బాకీ మాత్రం ఇంకా 7,700 ఉంటుంది. సగానికి రావడానికి 32 నెలలు పడుతుంది. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటాం, వడ్డీ మీద వడ్డీ కలిపితే అది 42 శాతం దాటుతుంది. గడువుకు ముందు పూర్తిగా కట్టగలిగితేనే కార్డు వాడండి, లేదంటే కొన్నాళ్లు బీరువాలో పెట్టేయండి.

రెండోది ఫ్లాట్ వడ్డీ. 12,000 అప్పు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్, 12 కిస్తీలు అంటారు. వడ్డీ 1,440, నెలకు 1,120 కడతారు. చూడ్డానికి 12 శాతమే. కానీ మొదటి నెల నుంచే మీరు అసలు తిరిగి ఇస్తూ వస్తున్నారు, ఆరో నెలకు మీ దగ్గర ఉన్నది సగమే, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 12,000 మీద వేశారు. తగ్గుతున్న అసలు మీద లెక్క వేస్తే అది దాదాపు 21.5 శాతం. కాబట్టి అప్పు ఇచ్చేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి, ఈ వడ్డీ ఫ్లాటా, తగ్గే అసలు మీదా అని. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే కట్టాల్సిన చార్జీ కూడా అడిగి రాసుకోండి. నెలకు ఇంతేగా అని కిస్తీ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి, కిస్తీని నెలల సంఖ్యతో గుణించి మొత్తం ఎంత కడుతున్నారో చూసి అప్పుడు పెట్టండి.

అప్పులు నాలుగైదు ఉంటే అన్నిటికీ కట్టాల్సిన కనీసం కడుతూ, పైన మిగిలినదంతా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి కట్టడం లెక్క ప్రకారం లాభం. కొంతమంది చిన్న అప్పు ముందు తీర్చేస్తారు, ఒక పేరు జాబితాలోంచి పోయిందన్న ధైర్యం వస్తుంది కాబట్టి. వడ్డీల మధ్య తేడా పెద్దగా లేకపోతే అదీ మంచిదే, ఎందుకంటే సగంలో ఆపేసే గొప్ప పద్ధతి కంటే చివరిదాకా చేసే మామూలు పద్ధతి నయం. చేబదులుకు వడ్డీ లేదు కదా అని దాన్ని చివరకు తోయకండి, తేదీ చెప్పి తీసుకోండి, ఆ తేదీకి కొంచెమైనా ఇవ్వండి. ఇంకొకరి అప్పుకు హామీ సంతకం పెట్టేముందు ఆ మొత్తం నేను కట్టగలనా అని మిమ్మల్ని మీరే అడగండి, వాళ్లు కట్టకపోతే చట్టం దృష్టిలో అది మీ అప్పే అవుతుంది.

ఇద్దరికీ తెలిసిన లెక్క

డబ్బు విషయం ఒకరే చూసుకునే ఇళ్లలో రెండు రకాల బాధ ఉంటుంది. చూసుకునేవాళ్లకు టెన్షన్ పంచుకునే మనిషి ఉండరు, చూడనివాళ్లకు అడిగినప్పుడల్లా లేదు అనే మాట ఎందుకు వస్తోందో అర్థం కాదు. నెలకోసారి అరగంట కూర్చోండి. పిల్లలు పడుకున్నాకో, ఆదివారం పొద్దున్నో, గొడవ మధ్యలో మాత్రం కాదు. కిందటి నెల ఎలా జరిగింది, వచ్చే నెల ఏం రాబోతోంది, ఏడాది జాబితాలో తర్వాతిది ఏది, ఈ మూడే మాట్లాడండి. పాత తప్పులు తవ్వడం మొదలైతే ఆ రోజుకు ఆపేయండి.

ఇద్దరికీ కొంచెం సొంత డబ్బు ఉండాలి, దాని లెక్క రెండోవాళ్లు అడగకూడదు. సంపాదించేవాళ్లు ఒకరే అయినా ఇద్దరికీ ఒకే మొత్తం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చిన్న అబద్ధాలు, దాచిన బిల్లులు, దాచిన అప్పులు పుట్టేది ఈ స్వేచ్ఛ లేని చోటే అని నేను గట్టిగా నమ్ముతాను. అలాగే ఖాతాలు ఎక్కడున్నాయి, బీమా కాగితాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఇవ్వాలి, ఎవరి నుంచి రావాలి అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరికీ తెలిసిన చోట పెట్టండి. నామినీ పేర్లు ఒకసారి చూసుకోండి, పెళ్లికి ముందు రాసిన పేరే చాలా ఖాతాల్లో ఇప్పటికీ ఉండిపోతుంది. పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ కాగితం మీద రాయకండి.

పిల్లలకు ఇంట్లో కష్టాలన్నీ చెప్పి భయపెట్టాల్సిన పని లేదు, అలాగని డబ్బు ఎక్కడి నుంచో ఊరుతుందన్నట్టు పెంచనూ వద్దు. పదేళ్ల పిల్లాడికి వారానికి కొంత ఇచ్చి అది అయిపోతే మళ్లీ వారం దాకా లేదని నిలబడండి. రెండో రోజే ఖర్చు చేసేస్తాడు, అయిదు రోజులు ఊరుకోవాల్సి వస్తుంది, అందులోనే నేర్చుకుంటాడు. మధ్యలో జాలిపడి ఇచ్చేస్తే మాత్రం అడిగితే వస్తుందన్న పాఠమే మిగులుతుంది.

చిన్న చిన్నవి

సరుకులకు ఆకలితో వెళ్లకండి, జాబితా లేకుండా వెళ్లకండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక కాదు, కిలోకు ఎంత పడిందో చూడండి, పాడైపోయి పారేసేదయితే ఎంత చవకైనా నష్టమే. నెలనెలా ఖాతాలోంచి దానంతట అదే పోయే సబ్‌స్క్రిప్షన్లు ఏడాదికి రెండుసార్లు చూసి, రెండు నెలలుగా వాడనివి ఆపేయండి. కాస్త పెద్ద వస్తువు కొనాలనిపిస్తే పేరు, ధర, తేదీ రాసి ముప్పై రోజులు ఆగండి, అప్పటికీ కావాలనిపిస్తే సంతోషంగా కొనుక్కోండి. రోజూ తాగే టీ మానేస్తే కోటీశ్వరులవుతారనే లెక్కలు నమ్మి ఇంట్లోవాళ్ల చిన్న సంతోషాల మీద పడకండి. అద్దె, బండి, అప్పుల వడ్డీ, ఈ పెద్దవాటిలో ఒక్కటి సరిచేసుకున్నా వంద చిన్నవాటితో సమానం.

పదేళ్ల తర్వాతి అవసరాల కోసం దాచే డబ్బు మాత్రం మామూలు ఖాతాలో ఊరికే పడి ఉండకూడదు. 72ను ధరలు పెరిగే శాతంతో భాగిస్తే ఎన్నేళ్లలో ధరలు రెట్టింపవుతాయో సుమారుగా తెలుస్తుంది. ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపు, అంటే ఇవాళ బీరువాలో దాచిన డబ్బుకు అప్పటికి సగం సరుకే వస్తుంది. ఇదే లెక్క మీ పొదుపుకూ పనిచేస్తుంది. నెలకు 1,000 చొప్పున 8 శాతం మీద పదేళ్లు పెడితే దాదాపు 1,83,000 అవుతుంది, ఇరవై ఏళ్లు పెడితే దాదాపు 5,89,000. పెట్టిన డబ్బు రెట్టింపే, వచ్చింది మూడు రెట్లకు పైన. ఎక్కడ పెట్టాలన్నది మీ అవసరం ఎంత దూరంలో ఉందో, ఎంత ఎగుడుదిగుడు తట్టుకోగలరో చూసుకుని నిర్ణయించుకోవాలి. తక్కువ రోజుల్లో రెట్టింపు చేస్తాం, రిస్కే లేదు అని ఎవరైనా అంటే, చెప్పేది ఎంత దగ్గరివాళ్లయినా సరే, అక్కడ ఒక్క పైసా పెట్టకండి.

జాబితా రాసిన ఏడాదికి మళ్లీ అదే కాగితం బయటికి తీయండి. అనుకున్నదొకటి, అయినదొకటి కనిపిస్తుంది, మర్చిపోయినవి మూడో నాలుగో ఉంటాయి, బీమా ప్రీమియం పెరిగి ఉంటుంది, ఒక ఖర్చు అసలు వచ్చే ఉండదు. కొత్త అంకెలు వేసి మళ్లీ 12తో భాగించి, బ్యాంకులో పెట్టుకున్న నెలవారీ బదిలీ మొత్తం ఆ రోజే మార్చేయండి.